పందొమ్మిదా, ఇరవయ్యా?

మెహదీపట్నంలో పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కితే 11.6 కిలోమీటర్ల తర్వాత ఆరాంఘర్‌లో దిగుతాం. అక్కడి నుంచి బెంగళూరు రోడ్డు మీద శంషాబాద్ ఎంతోసేపు పట్టదు. 2008లో విమానాశ్రయం వచ్చాక ఈ ఊరిని దాటి పోయేవాళ్లే గానీ, ఊళ్లో దిగేవాళ్లు తక్కువ. నేనూ అంతే. మొన్న ఆదివారం మాత్రం బస్టాండు దగ్గర దిగి, ఒక సందులో మేడ మెట్లెక్కాను. పైన రేకుల షెడ్డు, నల్లబల్ల, రెండు పాత ల్యాప్‌టాప్‌లు, ఎనిమిది మంది పిల్లలు.

పాఠం చెప్పేది ఒక శాస్త్రవేత్త. ఏళ్ల తరబడి ల్యాబులో జన్యువులతో పనిచేసిన మనిషి. జీవశాస్త్రం, ప్రోగ్రామింగ్ కలిపి ట్యూషన్ చెబుతున్నారు. పేరు రాయొద్దన్నారు. ‘‘రాస్తే నీట్ కోచింగ్ అనుకుని వస్తారు’’ అని నవ్వారు.

ముందు ఉల్లిగడ్డ పని. సన్నగా తరిగి, నూరి, గోరువెచ్చటి నీళ్లలో ఉప్పు, గిన్నెలు తోమే లిక్విడ్ వేసి కలిపారు. కణం పైపొరలోని కొవ్వును సబ్బు కరిగిస్తుంది. పల్చటి గుడ్డలో వడకట్టి, ఫ్రిజ్‌లో పెట్టిన స్పిరిట్‌ను గ్లాసు అంచు వెంట మెల్లగా పోశారు. స్పిరిట్‌లో డీఎన్‌ఏ కరగదు. కాసేపటికి తెల్లటి పోగులు పైకి లేచాయి. ‘‘దూది లెక్క ఉన్నది మేడమ్!’’ అంది ఒకమ్మాయి. హబ్సిగూడలో జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ 1977 నుంచీ ఉంది. శాస్త్రవేత్త లాల్జీ సింగ్ అక్కడే డీఎన్‌ఏ వేలిముద్రల పద్ధతిని తీర్చిదిద్దారు. అదే నగరం ఈ చివరన డీఎన్‌ఏను పిల్లలు ఇప్పుడు కళ్లతో చూస్తున్నారు.

తర్వాత నల్లబల్ల మీద 24 డీఎన్‌ఏ అక్షరాలు రాశారు. రక్తంలో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్ తాలూకు ఒక జన్యువు మొదటి ముక్క అది. దాని కింద అదే వరస మళ్లీ రాశారు, ఒక్క అక్షరం తేడాతో: ఒకచోట ‘జీఏజీ’ కాస్తా ‘జీటీజీ’ అయింది. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఈ మార్పే వస్తే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగుతాయి. ఉమ్మడి ఆదిలాబాద్ గూడేలకు బాగా తెలిసిన సికిల్‌సెల్ జబ్బు ఇదే.

‘‘ఒక్క అక్షరానికే గింత కథనా మేడమ్?’’

జవాబు మొదలయ్యేలోపు నెత్తి మీదుగా విమానం దిగింది. రేకులు అదిరాయి. చప్పుడు పోయేదాకా ఆగి, ‘‘అవును, ఒక్కదానికే. ఎన్నోదో కంప్యూటర్‌తో వెతికించండి’’ అన్నారు.

పైథాన్‌లో నాలుగైదు వరసలు రాశారు పిల్లలు. తెర మీద 19 వచ్చింది. బల్ల మీద వేలు పెట్టి లెక్కపెట్టిన బైపీసీ అమ్మాయికి 20 వచ్చింది. గొడవ మొదలైంది. మేడమ్ కల్పించుకోలేదు. చివరికి ఎంపీసీ కుర్రాడే తేల్చాడు: ‘‘పైథాన్ సున్నా నుంచి లెక్కవెడ్తది.’’

అంతటితో ఆగలేదు. మూడేసి అక్షరాలకో అమైనో ఆమ్లం చొప్పున లెక్కిస్తే తేడా ఏడో చోట ఉంది. పుస్తకాల్లో మాత్రం ఆరో చోటని ఉంటుంది. ఈసారి కుర్రాడు తలగోక్కున్నాడు, అమ్మాయి చెప్పింది: ప్రోటీన్ తయారవుతుండగానే మొదటి అమైనో ఆమ్లం తెగిపోతుంది, అందుకే దాన్ని లెక్కలోకి తీసుకోరు.

నేను చూడ్డానికి వెళ్లింది ఇదేనని అప్పుడు తెలిసింది. మనిషి జన్యువుల పుస్తకంలో దాదాపు 300 కోట్ల అక్షరాలున్నాయి. వేళ్ల మీద లెక్కపెట్టేవి కావు. కంప్యూటర్ లెక్కపెట్టినా, దాని అర్థం కణం తెలిసినవాళ్లే చెప్పాలి. మనమేమో పదో తరగతి కాగానే పిల్లల్ని ‘లెక్కలోళ్లు’, ‘బయాలజీవాళ్లు’ అని విడదీస్తాం.

ఇంటర్‌లో ఎక్కువమంది లెక్కలో, బయాలజీయో ఏదో ఒకటే తీసుకుంటారు, నిజమే. కానీ ఆదివారం పూట ఆ ఇద్దరినీ ఒక బల్ల ముందు కూర్చోబెట్టడానికి ఏ బోర్డు అనుమతీ అక్కర్లేదు. ఒక ఉల్లిగడ్డ, ఒక పాత ల్యాప్‌టాప్ చాలు.