పోత చిత్రం

జంషెడ్‌పూర్ తెలుగువారికి 'పోత' కొత్త మాట కాదు. 1912లో తొలి ఉక్కు దిమ్మె వెలువడిన కర్మాగారాన్ని నమ్ముకొని వలస వచ్చి, బిష్టుపూర్‌లో ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం కట్టుకొని, సువర్ణరేఖకు ఆవలి ఒడ్డున ఉన్న మాంగోలోనూ స్థిరపడిన ఈ సమాజానికి, కరిగిన లోహాన్ని అచ్చులోకి వదలడమే పోత అని వేరే చెప్పనక్కరలేదు. కుంచె పట్టకుండా, పలుచబరచిన యాక్రిలిక్ రంగులను కాన్వాసు మీద పోసి, దానిని అటూ ఇటూ వంచుతూ చిత్రం రాబట్టే పద్ధతికి కూడా ఆ మాటే సరిగ్గా అతుకుతుంది.

ఈ చిత్రాలలో కనిపించే గుండ్రని కళ్లు అదృష్టం వల్ల ఏర్పడతాయని కొత్తవారు అనుకుంటారు గాని, వాటికి మూలం బరువు. కొలిమిలో చిట్టెం, అంటే కార్మికులు స్లాగ్ అని పిలిచే మలినం, ఇనుము కన్నా తేలిక కనుక పైకి తేలుతుంది. అలాగే బరువైన రంగును తేలికైన రంగు మీద పోస్తే పైది కిందికి దిగుతూ, కిందిది పైకి పొంగుతూ గూళ్లు కడతాయి. 1930లలో మెక్సికో చిత్రకారుడు డేవిడ్ అల్ఫారో సికైరోస్ ఈ పోతను ప్రయోగాత్మకంగా సాధన చేయగా, రేలీ–టేలర్ అస్థిరత అనే ద్రవ సూత్రమే అందుకు కారణమని 2015లో మెక్సికో పరిశోధకులు వివరించారు. టైటానియం తెలుపు బరువైనది కాబట్టి, దానిని నలుపు మీద పోసి చూడడం తొలి అభ్యాసానికి ఎంతో మేలు.

అయితే సూత్రం తెలిసినా పాకం కుదరకపోతే పని చెడుతుంది. రంగు ఒక పాలు, జారుడునిచ్చే పోరింగ్ మీడియం రెండు పాళ్లు కలిపి, నీళ్లు చుక్క చుక్కగా చేరుస్తూ పుల్లతో ఎత్తి చూడాలి. ముద్దలుగా రాలితే ముదురు, నీళ్లలా చిందితే లేత, తెగకుండా సన్నగా జారి, పడినచోట క్షణంసేపు గీతగా నిలిచి కరిగిపోతే అది కావలసిన పాకం. అరిసెల పాకం పట్టిన చేతికి ఈ చూపు త్వరగా అబ్బుతుంది. మీడియం బదులు నీళ్లు కలిపిన ఫెవికాల్ వాడడం సాధనకు చాలు, కానీ కాలక్రమంలో అది పచ్చబడవచ్చు కనుక గోడకు తగిలించే చిత్రానికి తగదు. 8×10 అంగుళాల కాన్వాసుకు మొత్తం 120 మిల్లీలీటర్ల మిశ్రమం సరిపోతుంది.

యాక్రిలిక్ అంటే నీటిలో తేలియాడే ప్లాస్టిక్ రేణువులతో కలిసిన రంగు. నీరు ఆవిరైన కొద్దీ ఆ రేణువులు ఒకదానికొకటి అతుక్కొని పొరగా మారతాయి. మాంగోలో మే నెల వడగాలికి పై పొర ముందే ఎండి, లోపలి తడి తర్వాత కుంచించుకోవడం వల్ల బీటలు పడతాయి కాబట్టి, ఫ్యాను ఆపి, కాన్వాసును మట్టసంగా ఉంచి, దుమ్ము పడకుండా అట్టపెట్టె బోర్లించి ఆరబెట్టాలి. వానాకాలంలో ఓపికే మందు.

మిగిలిన రంగును మాత్రం కుళాయి కింద కడగవద్దు. కప్పులోనే ఎండనిస్తే అది తొక్కలా ఊడి వస్తుంది, దానిని చెత్తబుట్టలో వేయవచ్చు. మోరీలోకి వదిలిన ప్లాస్టిక్ సువర్ణరేఖకు చేరుతుంది.