మోకు పక్కన కత్తి

పాలకుర్తి అనగానే పాల్కురికి సోమనాథుడు, గుట్టమీది సోమేశ్వరాలయం గుర్తొస్తాయి. జనగామ జిల్లాలోని ఈ ప్రాంతంలో రోజూ ప్రాణాలకు తెగించి పైకెక్కేవాళ్లు ఇంకొకరున్నారు... తాటిచెట్టెక్కే గౌడన్నలు! నడుముకు ముస్తాదు, చెట్టు చుట్టూ మోకు, పక్కనే గెల గీసే కత్తి.

2024 జులైలో రాష్ట్ర ప్రభుత్వం గీత కార్మికులకు కాటమయ్య రక్షణ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. బెల్టూ తాళ్లూ వచ్చాయి సరే, పైన ఎవరైనా తాళ్లలో చిక్కుకుపోతే? దించేవాళ్లకు కత్తి కావాలి. గీత కత్తి మాత్రం పనికిరాదు. మనిషి బరువుతో బిగిసిన నైలాన్ తాడుకు పదునైన అంచు కాస్త తగిలినా చాలు, తెగిపోతుంది.

కొండలెక్కేవాళ్లు, రక్షణ సిబ్బంది వాడే కత్తి వేరు. వంద గ్రాములు కూడా ఉండనివి దొరుకుతాయి. మనిషికి గుచ్చుకోకుండా మొన మొద్దుగా ఉండాలి. వదులు తాడు జారకుండా తెగాలంటే అంచుకు రంపపు పళ్లుండాలి. ఒంటిచేత్తో తెరుచుకోవాలి. చెయ్యిజారినా కింద పడకుండా దాన్ని నడుముకు కట్టుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యం... చిక్కుకున్న మనిషి బరువు మరో తాడు మీదికి చేరాకే కత్తి తీయాలి. తాడు కోయడం క్షణంలో పని. ఏ తాడు కోయాలో చూసుకోవడమే ప్రాణం నిలిపే పని!