వద్దనగలిగిన చోటు

మౌనం అర్ధాంగీకారమని తెలుగువారి నానుడి. పెళ్ళిచూపులలో తలవంచుకొని కూర్చున్న అమ్మాయి తరఫున మిగిలిన సగం అంగీకారాన్ని పెద్దలే పూరించేవారు. ప్రేమకథలు కూడా దీనికి దూరంగా జరగలేదు. నాయిక కోపాన్ని అలకగానూ, నిరాకరణను సిగ్గుగానూ అర్థం చేసుకోవడం నాయకుడికి చాలాకాలం చెల్లుబాటైంది.

అమెరికాలో ఉచిత వైద్యశాలలకు స్వచ్ఛందంగా వెళుతూ స్పానిష్ నేర్చుకొనే తెలుగు వైద్యునికి ఆ భాష ఒకచోట సొంత ఇల్లులా తోస్తుంది. ‘నాకు నచ్చింది’ అన్నట్టే అక్కడా ‘మె గుస్తా’ అంటారు. రెండు భాషలలోనూ నచ్చినదే కర్త. ఇష్టం మనిషికి దానంతటదే కలుగుతుంది. సమ్మతిని మాత్రం మనిషి పూనుకొని ఇవ్వాలి. ఒకరికి ఇష్టం కలగడం వల్ల రెండోవారి సమ్మతి వచ్చినట్టు కాదు.

తరువాతి పాఠం ‘సి’ అనే మాట. నిఘంటువులో దాని అర్థం ‘అవును’. వైద్యుని ఎదుట బెరుకుగా కూర్చున్న రోగి నోట అది ఒక్కొక్కసారి కథ వినేవారు కొట్టే ‘ఊఁ’తో సమానం. వింటున్నాననడమే దాని అర్థం. అందుకే అనుభవజ్ఞులు ‘అర్థమైందా?’ అని అడిగి ఊరుకోరు. విన్నది సొంత మాటల్లో చెప్పమంటారు.

ఈ జాగ్రత్త లోపిస్తే ఏమవుతుందో లాస్ ఏంజెలెస్ చూసింది. 1970ల తొలినాళ్ళలో అక్కడి కౌంటీ ఆసుపత్రిలో మెక్సికన్ మూలాలున్న పలువురు స్త్రీలకు కాన్పు వేళ ఇక పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్సలు జరిగాయి. పురిటినొప్పుల మధ్య, తమకు రాని ఇంగ్లీషులో ఉన్న పత్రాలపై కొందరు సంతకాలు చేశారు. పదిమంది న్యాయస్థానానికి వెళ్ళారు. ‘మాడ్రిగల్ వర్సెస్ క్విలిగన్’ కేసులో 1978 నాటి తీర్పు వైద్యుల పక్షానే వచ్చింది. అయినా ఆ పోరాటం ఫలితంగా స్పానిష్ పత్రాలు, సంతకానికీ శస్త్రచికిత్సకూ నడుమ గడువు వంటి రక్షణలు ఏర్పడ్డాయి. నొప్పులు పడుతున్న మనిషికి ‘వద్దు’ అనే వీలు ఉండదని ఆ గడువు గుర్తించింది.

ప్రణయానికీ ఇదే పరీక్ష. 1920ల చివర చలం ‘మైదానం’లో రాజేశ్వరి భర్తను విడిచి అమీర్ వెంట వెళ్ళిపోతుంది. స్త్రీకి కోరిక ఉంటుందని, అది ఆమెదేనని చెప్పడానికి ఆనాడు ఎంతో తెగువ కావలసివచ్చింది. ఈనాటి పాఠకునికి మరో ప్రశ్న మిగులుతుంది: తిరిగి వెళ్ళడానికి ఇల్లు లేని స్త్రీ, వలచినవాడితోనైనా ‘వద్దు’ అనగలదా? ఆ ప్రశ్న అమెరికాలోని తెలుగు ఇళ్ళకూ వర్తిస్తుంది. 2015 వరకు హెచ్-4 వీసాపై వచ్చిన భార్యకు ఉద్యోగం చేసే అనుమతి లేదు. ఆ తరువాత కూడా భర్త గ్రీన్‌కార్డు ప్రక్రియ కొంత ముందుకు సాగితేనే ఆ వెసులుబాటు. భర్త ఎంత మంచివాడైనా, ఆమె నివాస హక్కు అతని ఉద్యోగంతో ముడిపడే ఉంటుంది.

చట్టాలు కొంతవరకు మేలుకొన్నాయి. మౌనం సమ్మతి కాదని, ఇచ్చిన సమ్మతిని ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చని కాలిఫోర్నియా 2014లో కళాశాలలకు నియమం చేసింది. స్పష్టమైన ‘అవును’ ఉండాలని స్పెయిన్ 2022లో శాసించింది. ఇంటిలోపలికి చట్టం అంతగా రాలేదు. అక్కడ, వైద్యశాలలో వలెనే, బలం ఎవరిదైతే ఎదుటివారి భాష నేర్చుకొనే శ్రమా వారిదే. అడగడం, బదులుకోసం ఆగడం, ‘వద్దు’ విన్నాక కూడా ఆదరం తగ్గకుండా ఉండడం వారే ముందు నేర్వాలి.