చెక్క పళ్లెం, ఇత్తడి చెంబు

మేం క్రైస్ట్‌చర్చ్ వచ్చి ఆరేళ్లయింది. ఇన్నేళ్లలో నలుగురి మధ్యా కూర్చుని చేత్తో తిన్నది ఒక్కసారే. అదీ ఇంగ్లండు రాజుల కాలం నాటి విందులో!

మా పక్కింటావిడ ఎస్‌సీఏ సంఘంలో సభ్యురాలు. 1966లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో పుట్టిన ఈ సంఘం వాళ్లు 17వ శతాబ్దానికి ముందటి బతుకుని బట్టలు, వంటలు, కత్తియుద్ధాలతో సహా మళ్లీ బతికి చూస్తారు. మా ఊరి శాఖ పేరు సదరన్ గార్డ్. ఓసారి మమ్మల్నీ విందుకి పిలిచింది. వంట వాళ్లది, కంచం, గిన్నె, గ్లాసు, చెంచా మాత్రం ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి. నిజంగా పాతవి కానక్కర్లేదు, చూపుకి నప్పితే చాలంది.

మా ఇంట్లో అన్నీ స్టీలువే. షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ స్టెయిన్‌లెస్ స్టీలు తయారు చేసిందే 1913లో. ఆ కాలం నమూనాలో చేయించినవి కొనడానికి మాది ఒక్క జీతం ఇల్లు. అందుకని మూడు శనివారాలు ఆప్ షాపులు తిరిగాను. తెలియనివాళ్లకి చెప్తున్నా, ఇవి ఇక్కడి సేవాసంస్థలు నడిపే పాత సామాన్ల కొట్లు.

మన కళ్లు ముందు వెళ్లేవన్నీ వదిలేయాలి. పూలు, బంగారు అంచు, మెరిసే తెల్ల పింగాణీ ఏవీ పనికిరావు. చెక్క సలాడ్ గిన్నెలు, పళ్లేలు, చెంచాలు రెండేసి డాలర్లకే దొరికాయి. వాటికి వంటనూనె రాయకండి, కొన్నాళ్లకి వాసనొస్తుంది. ఫుడ్ గ్రేడ్ మినరల్ ఆయిల్ మంచిది. ఫోర్కులు కొనే పనే లేదు. ఆ రోజుల్లో ఇంగ్లండు వాళ్లు చెంచా, కత్తి, వేళ్లతోనే తినేవారు.

ఒకచోట ఆరు డాలర్లకి ప్యూటర్ మగ్గు కనిపించింది. చూడగానే అమ్మ చారు కాచే సత్తు గిన్నె గుర్తొచ్చింది. రెండిట్లోనూ ఉండేది తగరమే. ఇప్పటి మంచి ప్యూటర్‌లో సీసం ఉండదు కానీ పాతదాన్లో ఉండొచ్చు. దాని అడుగున ఏ ముద్రా లేదు. మా బాబు అందులో నిమ్మరసం తాగితే? పులుపుకి సీసం దిగుతుంది. బీఎస్సీ కెమిస్ట్రీ ఊరుకోనివ్వలేదు, అక్కడే పెట్టేశాను. వాడు దారంతా అలిగాడు. పాత మట్టిపాత్రల మెరుపు పూతకీ ఇదే భయం. అందుకే గోధుమరంగు గిన్నెలు మాత్రం ఫుడ్ సేఫ్ అని రాసున్న కొత్తవే కొన్నాను.

ఎందుకైనా మంచిదని నానమ్మ ఇత్తడి చెంబు కూడా సంచిలో వేశాను.

హాల్లో కొవ్వొత్తుల వెలుగు. తినేముందు ఒకరు కూజాతో నీళ్లు పోస్తే ఇంకొకరు పళ్లెంలోకి చేతులు కడుక్కోవాలి, ఆ కాలం మర్యాద అది. కూజా ఒక్కటే ఉంది, వరస కదలడంలేదు. నా చెంబు తీసి నేనూ పోయడం మొదలెట్టాను. "ఏ శతాబ్దానిది?" అని ఒకాయన అడిగాడు. "మా నానమ్మది. శ్రీకాకుళం జిల్లా బుడితిలో కొన్నది" అన్నాను.

రొట్టె, కాల్చిన కోడి, బఠాణీ ముద్ద వడ్డించారు. బంగాళాదుంప లేదు, టమాటా లేదు. మన మిరపకాయలాగే అవీ అమెరికా నుంచి ఆలస్యంగా వచ్చినవే. అందరూ వేళ్లతో తింటున్నారు. బళ్లో ఎవరో నవ్వారని మా వాడు ఇంట్లో పప్పన్నం కూడా స్పూనుతోనే తింటున్నాడు రెండేళ్లుగా. చుట్టూ చూశాడు, నావైపు చూశాడు.

"అమ్మా, ఇక్కడ చేత్తో తినొచ్చా?"

"తిను నాన్నా" అని కోడి ముక్క వాడి చెక్క పళ్లెంలో వేశాను.