అత్తిపత్తి సిగ్గు

మా ఊరి కాలవగట్టు మీద అత్తిపత్తి చాప పరిచినట్టు అల్లుకుని ఉండేది. బడి వదిలాక మాకు అదే ఆట. కొసన వేలు ఆనిస్తే చాలు, చిట్టి ఆకులు జంటజంటగా మొదలు దాకా ముడుచుకుంటూ పోయేవి. ఇంకాస్త గట్టిగా తడితే కాడతో సహా వాలిపోయేది. మళ్ళీ విచ్చుకునేదాకా ఆగే ఓపిక మాకెక్కడిది? ఇంకో కొమ్మ మీద పడేవాళ్ళం. మా నాయనమ్మ చూస్తే మాత్రం, "దాన్ని బతకనివ్వండర్రా!" అని కసిరేది.

1753లో వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ దీనికి మిమోసా పుడికా అని పేరు పెట్టాడు. పుడికా అంటే సిగ్గరి. మన కథల్లో కొత్త పెళ్ళికూతుళ్ళు కూడా అత్తిపత్తిలాగే ముడుచుకుపోయారు. ముళ్ళ సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. చెప్పుల్లేకుండా ఆ గట్టు దాటినవాళ్ళని అడగండి, అదెంత సిగ్గరో చెబుతారు! దీని పుట్టిల్లు అమెరికా ఖండపు ఉష్ణమండలం. ఇక్కడికొచ్చి మనదే అనిపించేంతగా కలిసిపోయింది.

సిగ్గు సంగతి ఎలా ఉన్నా, జరిగేది నీళ్ళ వ్యవహారం. కాడ మొదట్లోనూ, ప్రతి చిట్టాకు మొదట్లోనూ చిన్న ఉబ్బు ఉంటుంది. అందులోని కణాలు నీళ్ళతో బిగిసి ఉన్నంతసేపే ఆకు విప్పారి ఉంటుంది. వేలు తగలగానే విద్యుత్ సంకేతం పాకుతుంది. ఉబ్బులో ఒక పక్క కణాల్లోంచి పొటాషియం, దాని వెంటే నీళ్ళు బయటికి పోతాయి. గాలి తీసిన సైకిల్ ట్యూబులా ఆ పక్క మెత్తబడుతుంది, ఆకు ముడుచుకుంటుంది. ఈ సంకేతాలను కొలవడానికి జగదీశ్ చంద్ర బోస్ కలకత్తాలో సొంతంగా పరికరాలే తయారుచేసుకున్నాడు.

ముడుచుకున్న ఆకుకి ఎండ సరిగా అందదు. ఎండ అందకపోతే తిండి తగ్గుతుంది. అంటే, మేం రోజూ లాగేసింది దాని ముందున్న కంచాన్ని. 2014లో శాస్త్రవేత్త మోనికా గాలియానో బృందం ఒక ప్రయోగం ప్రచురించింది. అత్తిపత్తి కుండీలను కొద్ది ఎత్తు నుంచి మెత్తటి పరుపు మీదకి పదేపదే జారవిడిచారు. ప్రమాదం లేదని తేలాక మొక్కలు ముడుచుకోవడం మానేశాయి. నెల దాటబోతున్నా ఆ పాఠం మరిచిపోలేదు. తక్కువ వెలుతురులో పెరిగినవి ఇంకా త్వరగా నేర్చుకున్నాయి. అవును మరి, కంచంలో మెతుకులు తక్కువైనవాళ్ళకి అనవసరపు భయాలకి తీరికెక్కడ? దీన్ని జ్ఞాపకం అనొచ్చా అన్న తగువు పెద్దలు తేల్చుకుంటారు.

మొన్న మా మనవరాలు నర్సరీ నుంచి ఒక కుండీ తెచ్చి బాల్కనీలో పెట్టింది. ఒక్కసారి ముట్టుకుని, వెంటనే చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఎప్పుడు తెరుచుకుంటుంది తాతయ్యా?" అంది. నాకు జవాబు తెలియలేదు. ఇద్దరం కింద కూర్చుని చూశాం.

పావుగంట పట్టింది.