పక్కింటి చిరునామా

మా బళ్ళారిలో ఎవరైనా "ఏం పని చేస్తావప్పా?" అని అడిగితే జవాబు చెప్పడం నాకు కొంచెం కష్టమే. "కంప్యూటర్ పని" అంటే వాళ్ళకు సరిపోతుంది గానీ నాకు సరిపోదు. నేను ప్రోగ్రాములు రాసేది తక్కువ, ఇతరులు రాసినవి చదివేది ఎక్కువ. ఎవరో పాత ప్రోగ్రాంలో పది లైన్లు మారుస్తారు. ఆ పది లైన్లు లోపలికి రావచ్చునా, రాకూడదా అన్నది నేను చూసి చెప్పాలి. బళ్ళారి రాఘవ ఊరివాళ్ళం గనక మన భాషలో చెప్పుకుంటే, తెర వెనక పుస్తకం పట్టుకుని కూర్చుని, నటుడు మాట మరిచిపోయినప్పుడు అందించేవాడి పని లాంటిది. నాటకం రక్తి కడితే అతనొకడు ఉన్నాడనే సంగతి ఎవరికీ గుర్తుండదు.

ఇందులో చెప్పుకోవడానికి ఏముందని మీరనుకోవచ్చు. ఉంది. ఈ మధ్య నా ముందుకు వచ్చిన ఒక చిన్న మార్పు గురించి చెబుతాను. అందుకు ముందు కొంచెం ఊరి సంగతి.

ఒక ఊళ్ళో ఇళ్ళు వరసగా కాకుండా ఎక్కడెక్కడో విసిరేసినట్టు ఉన్నాయనుకోండి. ఏ ఇంటికీ నంబరు లేదు. కానీ ప్రతి ఇంటి గోడ మీదా ఆ తర్వాతి ఇంటి చిరునామా రాసి ఉంటుంది. పొలిమేర రాయి దగ్గర బయలుదేరి, రాయి మీది చిరునామా చూసుకుని మొదటి ఇంటికి, దాని గోడ చూసుకుని రెండో ఇంటికి, ఇట్లా ఊరంతా తిరిగి మళ్ళీ పొలిమేర రాయి దగ్గరికి చేరాలి. సి భాషలో రాసేవాళ్ళు దీన్ని లింక్డ్ లిస్ట్ అంటారు. 1955-56లో అమెరికాలోని రాండ్ కార్పొరేషన్‌లో అలెన్ న్యూవెల్, క్లిఫ్ షా, హెర్బర్ట్ సైమన్ ఈ పద్ధతిని రూపొందించారు. అప్పటికి సి భాష ఇంకా పుట్టనే లేదు.

ఈ ఏర్పాటులో గొప్ప సౌకర్యం ఏమిటంటే, మధ్యలో కొత్త ఇల్లు కట్టాలన్నా, ఉన్న ఇల్లు తీసేయాలన్నా అటూ ఇటూ ఉన్నవాళ్ళ గోడల మీది రాత మారిస్తే చాలు. మిగిలిన ఊరు కదలనక్కరలేదు. ప్రమాదం కూడా అక్కడే ఉంది. మీరు ఒక ఇంట్లో నిలబడి, ఆ ఇంటిని కూలగొట్టి, ఆ తర్వాత "పక్కిల్లు ఎక్కడ?" అని దాని గోడనే అడిగితే ఏమవుతుంది?

విచిత్రం ఏమిటంటే, చాలాసార్లు ఏమీ కాదు! కంప్యూటర్ మెమరీలో ఇల్లు కూల్చడమంటే "ఈ స్థలం ఖాళీ, ఎవరైనా వాడుకోవచ్చు" అని చెప్పడమే. పాత గోడ, దాని మీద రాత ఇంకో మనిషి వచ్చి దిగేదాకా అట్లాగే ఉండవచ్చు. అందుకే పరీక్షల్లో ప్రోగ్రాం చక్కగా నడుస్తుంది. కొత్తవాడు దిగిన రోజున మాత్రం ఆ గోడ మీద ఏముంటుందో చెప్పలేం.

ఇక అసలు సంగతి. ఆసుపత్రి వార్డులో మంచాల దగ్గర ఉంచే ఒక పరికరానికి మావాళ్ళు ప్రోగ్రాం రాస్తున్నారు. ఏ మంచానికి ఎప్పుడు హెచ్చరిక మోగాలో అన్నీ గడువు ప్రకారం ఒక లిస్టులో ఉంటాయి. ప్రోగ్రాం మొదటినుంచీ నడుచుకుంటూ పోయి, గడువైన హెచ్చరికను మోగించి, లిస్టులోంచి తీసేయాలి. దీన్ని మార్చి రాసిన కుర్రవాడు సిరుగుప్ప వైపువాడు. ఉద్యోగంలో చేరి ఏడాది. చురుకైనవాడు. అయితే అతను హెచ్చరికను తీసేసి, దాని మెమరీ వదిలేసి, ఆ వదిలేసినదాన్నే తర్వాతిది ఏదని అడుగుతున్నాడు.

నేను కారణం రాసి వెనక్కి పంపాను. మర్నాడే రెండో ప్రతి వచ్చింది. ఈసారి పక్కింటి చిరునామా ముందే చీటీ మీద రాసి పెట్టుకుని, ఆ తర్వాత ఇల్లు కూలుస్తున్నాడు. ఈ పద్ధతికి లైనక్స్‌లో పేరే ‘సేఫ్’. పరీక్షలన్నీ పాసయ్యాయి. పరికరం వెళ్ళవలసిన తేదీ దగ్గరపడింది. పైనుంచి ఫోన్లు మొదలయ్యాయి.

సేఫ్ అన్న పేరు ఉంది గదా అని నేను సంతకం పెట్టేయవచ్చు. కానీ మోగించే పని లోపల ఇంకొక పని దాగి ఉంది. ఒక మంచం ఖాళీ అయిందని తెలిస్తే, ఆ మంచానికి చెందిన హెచ్చరికలన్నిటినీ అది తుడిచేస్తుంది. అంటే ఎనిమిదో మంచానికి వరసగా రెండు హెచ్చరికలుంటే, మొదటిదాని పని చేస్తుండగానే రెండోదీ పోతుంది. మన చేతిలోని చీటీ మీద ఉన్నది ఆ రెండోదాని చిరునామాయే! మనం నిలబడిన ఇల్లు కూలితే ఏం చేయాలో చీటీ చెబుతుంది గానీ, పక్కిల్లే కూలిపోతే అది ఎందుకూ పనికిరాదు. అక్కడినుంచి దారి తప్పితే తొమ్మిదో మంచానికి మోగవలసింది మోగకపోవచ్చు. ఆ మంచం మీద ఎవరుంటారో మనకు తెలియదు. తెలియదు గనకనే సంతకం పెట్టలేదు.

ఆ సాయంత్రం కుర్రవాడు ఫోన్ చేశాడు. ముందు ఇంగ్లీషులోనే మాట్లాడాడు. గొంతులో బాధ తెలుస్తూనే ఉంది. "ఎన్నిసార్లు వెనక్కి పంపుతారు సార్?" అన్నది ఇంగ్లీషులో ఎంత మర్యాదగా అన్నా దాగదు. నేను తెలుగులోకి దిగాను. ఇందాక మీకు చెప్పిన ఊరే అతనికీ చెప్పాను. పొలిమేర రాయి, గోడ మీద రాత, చేతిలో చీటీ. కాసేపు మాట లేదు. తర్వాత, "అయితే చీటీయే వద్దన్నా. ప్రతిసారీ పొలిమేర రాయి కాడికి వస్తా. మొదటి ఇంటికి గడువైపోయుంటే ముందు ఊళ్ళోంచి విడగొట్టేస్తా, ఆమీద దాని పని చేస్తా, మళ్ళా రాయి కాడికి వస్తా" అన్నాడు. సరిగ్గా అదే పరిష్కారం. లిస్టు గడువు ప్రకారమే ఉంది గనక వెతుక్కోవలసిన పని కూడా లేదు. "సార్" కాస్తా "అన్నా" అయిందని అతను గమనించాడో లేదో!

ఆ రాయి గురించి ఇంకొక మాట చెప్పాను. ఊరంతా తిరిగి వెతికినా మనిషి దొరక్కపోతే మనం చివరికి రాయి దగ్గరే ఉంటాం. కొందరు ఆ రాయినే ఇల్లనుకుని లోపల సామాన్లు వెతుకుతారు. లైనక్స్ అంతటి ప్రోగ్రాంలోనే ఈ సంగతి మీద 2022 ఫిబ్రవరిలో పెద్ద చర్చ నడిచింది. యాకబ్ కోషెల్ అనే పరిశోధకుడు పంపిన మార్పులతో అది మొదలైంది. తిరుగుడు అయిపోయాక ఆ పాయింటర్‌ను బయట వాడనీయకపోతే సరి అన్నాడు లైనస్ టోర్వాల్డ్స్. అట్లా చేయాలంటే దాన్ని లూప్ లోపలే ప్రకటించాలి. వాళ్ళు అప్పటిదాకా పట్టుకుని ఉన్న 1989 నాటి సి ప్రమాణం అందుకు ఒప్పుకోదు. దాంతో 2011 నాటి ప్రమాణానికి మారారు. ఆ ఏడు మే నెలలో వచ్చిన 5.18 నుంచి అది అమలైంది. ఒక లిస్టును నడిచే తీరు కోసం అంత పెద్ద ప్రోగ్రాం రాసే భాషే మారిందన్నమాట.

లిస్టులోంచి ఒకటి తీసేయడం ఎంత పనో మన జిల్లావాళ్ళకు వేరే చెప్పాలా? 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రలోకి పోయాయి. బళ్ళారితో కలిపి తక్కిన ఏడు తాలూకాలు మైసూరుకు వచ్చాయి. 2021లో హొసపేట, హడగలి, కూడ్లిగి వైపంతా విజయనగర జిల్లా అయింది. కాగితం మీద గీత గీసినవాళ్ళకు అది ఒక్క రోజు పని. ఆదోనికి పిల్లనిచ్చినవాళ్ళకు, రాయదుర్గం నుంచి కోడల్ని తెచ్చుకున్నవాళ్ళకు పక్కింటి చిరునామా గోడ మీద మళ్ళీ రాసుకోవలసి వచ్చింది. కొందరు రాసుకున్నారు, కొందరు రాసుకోలేదు. మూడో తరానికి వచ్చేసరికి ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, ఉద్యోగంలో ఇంగ్లీషు. ఆ కుర్రవాడూ అంతే. తెలుగు మాట్లాడతాడు గానీ అక్షరాలు రావు.

పరికరం తేదీ తొమ్మిది రోజులు జరిగింది. కొన్ని మాటలు పడ్డాం. ఎనిమిదో మంచాన్ని వార్డు నుంచి తీసేసి చూసే పరీక్ష ఒకటి కొత్తగా చేర్చాం. మూడో ప్రతి మీద నేను సంతకం పెట్టాను. దానివల్ల ఎవరికైనా మేలు జరిగిందా అంటే చెప్పడానికి లేదు. జరగని కీడుకు లెక్క ఎవరు రాస్తారు?

ఆ మూడో ప్రతితోపాటు కుర్రవాడు నాకు విడిగా ఒక చిన్న సందేశం పంపాడు. "పొలిమేర రాయి కాడ నిలబడినాను అన్నా, చూడు." మాట తెలుగు, లిపి కన్నడం. రెండూ అక్కచెల్లెళ్ళ లాంటి లిపులు గనక చదవడానికి నాకు ఇబ్బంది కాలేదు.