చిలకలగూడ నుంచి చిలికా దాకా...

'అమ్మా, తిమింగలాన్ని ఎప్పుడు చూపిస్తావ్?'

టీవీలో నీలి తిమింగలాన్ని చూసిన దగ్గర్నుంచీ మా ఎనిమిదేళ్ల బాబుది ఇదే గొడవ. రైలు కూతలతో తెల్లారే చిలకలగూడలో తిమింగలం ఎక్కడిది? 'తిమింగలం కాదుగానీ, దాని చుట్టాన్ని చూపిస్తా పద' అన్నాను. శీతాకాలం సెలవుల్లో అత్తయ్యతో కలిపి నలుగురం సికింద్రాబాద్‌లో భువనేశ్వర్ రైలెక్కేశాం.

తెల్లారేసరికి విశాఖ. కాఫీలు తాగుతూ ఆ చుట్టం కథ మొదలుపెట్టా. దాని పేరు ఇరవాడీ డాల్ఫిన్. పేరు బర్మా నదిదే అయినా, శాస్త్రవేత్తలకు మొదట పరిచయమైంది మన విశాఖ రేవులోనే! 1852లో అక్కడ దొరికిన నమూనా ఆధారంగానే రిచర్డ్ ఓవెన్ 1866లో ఈ జీవిని లోకానికి పరిచయం చేశాడు. 'అయితే తెలుగింటి పిల్లేనన్నమాట' అని తేల్చేసింది అత్తయ్య.

ఆ రాత్రి పూరీలో బస. మర్నాడు పొద్దున్నే అక్కడికి సుమారు 50 కిలోమీటర్ల దూరంలోని సాతపడా చేరి పడవెక్కాం. చిలికా సరస్సంటే మామూలు సరస్సా! ఉప్పునీళ్లూ మంచినీళ్లూ కలిసే ఈ జలాశయం కాలాన్నిబట్టి 900 నుంచి 1,100 చదరపు కిలోమీటర్ల పైదాకా పరుచుకుంటుంది. ఎటు చూసినా నీళ్లు, వలకర్రలు, వాటిమీద కొంగలు.

గంట గడిచాక 'అదిగో!' అన్నాడు పడవాయన. గుండ్రటి బూడిదరంగు తల, వీపుమీద చిన్న రెక్క. మామూలు డాల్ఫిన్లకుండే ముక్కు దీనికి లేదు. అంతే, నాలుగు పడవలు అటే దూసుకెళ్లాయి. 'ఇంకా దగ్గరికి' అని అరిచినవాళ్లలో మేమూ ఉన్నాం. ఇంజన్ల హోరుకి డాల్ఫిన్ మాయం!

కాస్త దూరంలో మరొకటి తేలింది. దాని వీపుమీద తెల్లటి గాటు. 'ఇంజన్ పంకా తగిలుంటదమ్మా' అన్నాడు పడవాయన వచ్చీరాని తెలుగులో. బాబు ముఖం చిన్నబోయింది. 'అంకుల్, ఇంజన్ ఆపెయ్యండి' అన్నాడు.

ఆపేశాడాయన. పది నిమిషాలు ఎవరం మాట్లాడలేదు. ఇంతలో పక్కనే 'ఫుస్స్' మని ఊపిరి వదిలిన చప్పుడు. ఇది చేప కాదు, మనలాగే ఊపిరితిత్తులున్న జీవి. గాలి కోసం పైకి రావాల్సిందే. తల్లి, దాని పక్కనే పిల్ల! అత్తయ్య రెండు చేతులూ జోడించింది.

పూడిక పేరుకుని దెబ్బతిన్న చిలికాకు 2000లో సముద్రంలోకి కొత్త ముఖద్వారం తవ్వాక మళ్లీ ప్రాణం వచ్చింది. ఈమధ్య కాలపు లెక్కల్లో ఇక్కడి డాల్ఫిన్లు 150 అటూఇటూ. 2017 నుంచి ఈ జాతి ప్రపంచవ్యాప్తంగా అంతరించే ప్రమాదమున్న వాటి జాబితాలో ఉంది. వలల్లో చిక్కుకోవడం, పడవలు తగలడం వీటికి పెద్ద ముప్పు.

వెళ్లాలనుకుంటే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. వలస పక్షులు అదనపు కానుక. పొద్దున్నే బయల్దేరండి, లైఫ్ జాకెట్ మరవకండి. దూరంగా ఆగి చూస్తామని పడవాయనకి ఎక్కేముందే చెప్పండి.

ఇంటికొచ్చాక మావాడు చిలికా బొమ్మ గీశాడు. అందులో రెండు డాల్ఫిన్లు, ఓ పడవ. 'ఇంజనేదిరా?' అంటే, 'తెడ్లున్నాయిగా' అన్నాడు!